మా దయ్యం కూనిరాగం

ఆ రోజుల్లో దయ్యాల కథలు రాసేవాళ్ల గురించి జనానికి కొన్ని గట్టి నమ్మకాలుండేవి. అలాంటివాళ్లు పగలంతా పడుకుంటారనీ, కాఫీలో పంచదార వేసుకోరనీ, గోడలకు పుర్రె బొమ్మలు తగిలించుకుంటారనీ, పాటలంటే ఏడుపు పాటలే వింటారనీ, తలుపు కిర్రుమనని సినిమా చూడనే చూడరనీ అనుకునేవారు. బజ్జీలు వేసేవాడు ఇంట్లో మూడు పూటలా బజ్జీలే తింటాడని ఎవరూ అనుకోరు. (కాశీబుగ్గలో మా దారిలోనే బజ్జీల బండి పెట్టే ఆసామి మధ్యాహ్నం పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ వింతగా చూడలేదు.) దయ్యాలు రాసే మనిషి మాత్రం దయ్యాలతోనే కాపురం చెయ్యాలని ఎందుకు పట్టుబడతారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఇప్పటికీ ఏ పెళ్లికో వెళ్తే ఎవరో ఒకరు కుర్చీ దగ్గరకు జరుపుకుని, గొంతు తగ్గించి, "మీకు ఎలాంటి సంగీతం ఇష్టమండీ?" అని అడుగుతారు. నిజం చెబుతాను. వాళ్ల మొహం వాడిపోతుంది. ఆ ప్రశ్నకు ఒకసారి నిజం చెప్పి నేను పడ్డ పాట్లు వాళ్లకు తెలియవు కదా.

అది తొంభైల చివరి మాట. మా నాన్న ఉద్దానంలో, పలాస నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటల మధ్య ఉన్న ఒక చిన్న సంఘానికి పాస్టరు. అందరూ అయ్యగారనేవారు. నేను పొద్దున్నే ఆటో ఎక్కి పలాస వచ్చి ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసేదాన్ని. ఆదివారం ఉదయం ఆరాధనకు ముందు పిల్లలకు ఆదివారం బడి చెప్పేదాన్ని. మిగిలిన సమయంలో దయ్యాలు రాసేదాన్ని. ఈ మూడింటికీ పొత్తు ఎలా కుదిరిందని అందరూ అడిగేవారు గాని, నాకు మాత్రం ఎక్కడా పేచీ కనిపించలేదు. చనిపోయినవాళ్లు తిరిగి ఊళ్ల మీద పడరని బైబిలు వాక్యం నాకు చిన్నప్పుడే నేర్పింది. లేనిదాని గురించి రాయడానికి భయమెందుకు? మొదటి కథ అచ్చయినప్పుడు నాన్న కళ్లజోడు సర్దుకుని అంతా చదివి, "చనిపోయినవారు తిరగరని నీకు తెలుసు కదమ్మా?" అని అడిగారు. "తెలుసు నాన్నా, అందుకే ధైర్యంగా రాస్తున్నాను" అన్నాను. ఆయన పత్రిక మడిచి, "దీనికి జవాబు చెప్పడానికి నాకు కొంత ప్రార్థన కావాలి" అని లేచి వెళ్లిపోయారు. ఆ జవాబు ఇప్పటికీ రాలేదు. నిజానికి నాకు భయమన్నది ఉంటే అది సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న మెల్లగా, "ఈ రోజు ఎవరి మనసైనా నొప్పించావా తల్లీ?" అని అడిగినప్పుడే. ఏ నూతిలోంచి ఏ చెయ్యి లేచినా నా గుండె అలా జారేది కాదు.

ఒక వారపత్రిక సంపాదకుడు సీరియల్ రాయమన్నాడు. రాశాను. నేను పెట్టిన పేరు "నూతి దగ్గర". ఆయన దాన్ని "నెత్తుటి నుయ్యి" చేశాడు. (కథ మొత్తంలో నెత్తురు ఒక్కచోటే ఉంది, అదీ ఒకావిడ కత్తిపీటతో వేలు కోసుకున్నప్పుడు.) మా దయ్యం ఎవరి గొంతూ పిసకదు, ఎవరినీ కొరకదు. జీడితోటలోని పాత నూతి గట్టు మీద సందెవేళ కూర్చుని కూనిరాగం తీస్తుంది, అంతే. విన్నవాళ్లు చేస్తున్న పని మరిచిపోయి అటు నడుస్తారు. ఇంత మర్యాదైన దయ్యాన్ని రాసినా ఫ్యాక్టరీలో గొడవ తప్పలేదు. పత్రిక వచ్చిన రోజున పప్పు మీద పొర తీసే ఆడవాళ్లు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి చదివించుకునేవారు. జీడిపప్పు నిండుగా ఉంటే గుండు, రెండుగా చీలితే బద్ద. సావుకారుకు కావలసింది గుండు. "ఆ రాగం ఆమె వెనకనే వినిపించింది" అని నేను చదవగానే బల్ల చుట్టూ ఉన్న చేతులన్నీ ఒక్కసారి ఉలిక్కిపడేవి, చేతిలో ఉన్న గుండ్లన్నీ టక్కున బద్దలైపోయేవి. బల్లకు పెద్దదైన ఆవిడను అందరూ బల్లప్ప అనేవారు (మా వైపు అక్కను అప్ప అంటారు). ఆవిడ బద్దలను చాటలోకి ఊడ్చుకుంటూ, "ఒలమ్మో, ఇంకా సదువు అమ్మీ, ఆగిపోతావేటి? పప్పుకేటి, ఎలాగూ తినీసీవోలు నవిలీసే కదేటి తింతారు" అనేది. సావుకారు రెండు వారాలు ఓర్చుకుని మూడో వారం నా దగ్గరకొచ్చి చేతులు జోడించాడు. "నీ దెయ్యం పలాసలో ఎవుర్ని పట్టినా నాను అడగనమ్మా. నా పప్పుని మాత్రం ఒగ్గీమను." అప్పటినుంచి టీ తాగేటప్పుడు మాత్రమే చదవాలని ఏర్పాటయింది. గ్లాసులు రెండు పగిలాయి గాని పప్పు దక్కింది.

సీరియల్‌కు పేరొచ్చింది. దాంతో నా అభిరుచుల మీద ఊరి పెత్తనం మొదలైంది. టెక్కలిలో మా పిన్ని ఉండేది. ఆవిడతో కలిసి ఆ ఊరి సినిమాహాల్లో చూసిన నవ్వుల సినిమా ఒకటి నాకు ప్రాణం. అందులో ఒక పెద్దమనిషి పట్టు పంచె కట్టుకుని పెళ్లిచూపులకు వెళ్తూ పేడ గుంటలో పడతాడు. ఆ ఒక్క గుంట కోసం మూడుసార్లు టిక్కెట్టు కొనుక్కున్నాను. అలాంటిదాన్ని పిన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచి, అద్దెకు తెచ్చిన వీసీపీ ముందు కూర్చోబెట్టి, "నీ రాతకి పనికొత్తాదని ఊరంతా తిరిగి తెచ్చినాను, సూడు" అని భయం సినిమా క్యాసెట్టు పెట్టింది. కాసేపటికే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ దయ్యం ముందు గోడలోంచి దూరి వచ్చింది. తరువాతి సీన్లో తలుపు విరగ్గొట్టుకుని వచ్చింది. "గోడలోంచి రాగలిగినదానికి తలుపెందుకు పిన్నీ విరగ్గొట్టడం? ఆ ఇంటివాళ్లకు దండగ కాకపోతే?" అన్నాను. పిన్ని దుప్పటి కళ్ల దాకా లాక్కుని, "నోరుముయ్యే! నాను భయపడతన్నాను, నువ్వు వడ్రంగి లెక్కలు సెప్తావేటి?" అని కసిరింది. ఆవిడ నెల్లాళ్లు పెరట్లోకి తోడు లేకుండా వెళ్లలేదు. ఆ నేరం కూడా నా ఖాతాలోనే పడింది.

ఇంతలో పత్రికవాళ్లు "భయపెట్టే కలం వెనక మనిషి" అని ఒక వ్యాసం వేస్తామని విశాఖపట్నం నుంచి ఒక కుర్రాణ్ణి పంపారు. పెద్ద కళ్లజోడు, మెడలో కెమెరా, చంకలో సంచీ. మేము అతనికి కళ్లజోడు బాబు అని పేరు పెట్టుకున్నాం. పలాసలో రైలు దిగి, ఆటోలో మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి గోడలకేసి చూశాడు. గోడల నిండా వాక్యాల క్యాలెండర్లు. ఒక మూల ఆదివారం బడి పిల్లలు రంగు కాగితాలతో చేసిన నక్షత్రాలు. అతని మొహంలో మొదటి దీపం అక్కడే ఆరిపోయింది. "మీరు రాసుకునే గది...?" అన్నాడు. ఇదే అన్నాను. "మరి అక్కడ కూర్చున్నాయన?" "ఆయన ప్రార్థన చేయించుకోవడానికి వచ్చారు. నడుము నొప్పి." అమ్మ అన్నం పెట్టింది. కళ్లజోడు బాబు పులుసులోకి తొంగి చూసి, "ఇది... చేపే కదండీ?" అని నన్ను చాటుగా అడిగాడు. తరువాత ఫోటో. జుట్టు విరబోసుకుని, మొహం కింద దీపం పెట్టుకోమన్నాడు. అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "ఏటి బాబూ, పెళ్లి కావాల్సిన గుంట, జుత్తిరబోసుకుని ఫోటో ఏటి? రేపు ఎవుడొత్తాడు దీన్ని సేసుకోడానికి?" అని నన్ను లాక్కుపోయి, చారెడు నూనె పెట్టి, బిగించి జడవేసి, కనకాంబరాలు తురిమి తెచ్చి నిలబెట్టింది. అతను ఏడవలేక క్లిక్కుమనిపించాడు.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ పాటలు వింటారన్నాడు. ఆదివారం బడి పిల్లల పాటలన్నాను, చప్పట్లున్నవైతే మరీ ఇష్టమన్నాను. "ఒంటరిగా ఉన్నప్పుడు?" "ఈ ఇంట్లో ఒంటరిగా ఎప్పుడుంటానండీ?" అని నడుము నొప్పి ఆయన్ని చూపించాను. ఏ సినిమా అన్నాడు. పేడ గుంట సంగతి చెప్పాను. రాసుకోలేదు. ఏ పుస్తకాలన్నాడు. రైల్వే టైంటేబిల్ అన్నాను. ఏ బండి సుమ్మాదేవిలో ఆగుతుందో, ఏది ఆగకుండా ఇచ్ఛాపురం పోతుందో చూసుకుంటూ పోవడం నాకు గొప్ప కాలక్షేపం. అదీ రాసుకోలేదు. అతని మీద జాలేసి, "భయం పుట్టించేదంటే మా గ్రంథంలోనే ఉందండీ. లోయ నిండా ఎండిన ఎముకలు గలగలమని ఒకదానికొకటి అతుక్కుని లేచి నిలబడే చోటొకటి ఉంది. మా నాన్న అది చదువుతుంటే చంకలో పిల్లలు కూడా కిక్కురుమనరు" అన్నాను. కళ్లజోడు బాబు ప్రాణం లేచి వచ్చినట్టు గబగబా రాసుకున్నాడు. ఆఖరికి, "మీ దయ్యం తీసే ఆ కూనిరాగం నిజంగా ఉందా, కల్పనా?" అన్నాడు. ఉందన్నాను. అది మా చుక్క పాట రాగమన్నాను. ప్రపంచంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగీతం మా అమ్మ బియ్యం చెరుగుతూ, మాటలు లేకుండా, ఆ రాగం తియ్యడమే అన్నాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల చాట చప్పుడూ, దానితోపాటు, "ఊఁ... ఊఁఊఁ..." అని అమ్మ గొంతూ. కళ్లజోడు బాబు కలం కింద పడింది. సాయంత్రం బండికి వెళ్తానన్నవాడు మధ్యాహ్నం బండికే వెళ్లిపోయాడు.

చుక్క పాట అంటే ఏమిటో చెప్పాలి. అది మా అమ్మ వాళ్ల నాన్న కట్టిన పాట. తాత ఇసుకలో చెప్పులు లేకుండా ఊరూరూ తిరిగి బోధించిన మనిషి. "సంద్రం మీద సుక్క పొడిసింది, సూడండొరే గుంటల్లారా" అని మొదలవుతుంది. (మా వైపు గుంటలంటే పిల్లలే.) పడవలూ వలలూ జీడిపూతా అన్నీ ఉంటాయందులో. మా సంఘంలో క్రిస్మస్ ఉదయం ఆరాధన ఈ పాటతోనే, పిల్లల నోటితోనే మొదలుకావాలని పద్ధతి. తాత పోయినా ఆ పద్ధతి పోలేదు. ఆయన గుర్తుగా అమ్మకు మిగిలింది అదొక్కటే; ఫోటో కూడా లేదు.

వ్యాసం నవంబరు ఆఖర్న అచ్చయింది. నా ఫోటోకు ఆకుపచ్చ రంగు పూశారు. కనకాంబరాలు నల్లగా, తలలోంచి ఏవో మొలిచినట్టు వచ్చాయి. కింద, "ఎముకల గలగల అంటే ఈమెకు ప్రాణం" అని ఉంది. దాని కింద, "ఆదివారాలు చిన్నపిల్లలను చేరదీస్తుంది" అని ఉంది. అయితే చిత్రం ఏమిటంటే, ఈ వంకర రాతల్ని మావాళ్లు ఒక్కరూ పట్టించుకోలేదు. "పేపరోడు కదా, అలాగే రాత్తాడు" అని నవ్వి వదిలేశారు. పట్టుకున్నది ఒక్కదాన్నే, అతను అక్షరం పొల్లుపోకుండా రాసిన ఒకే ఒక్క నిజాన్ని: నూతి దగ్గర దయ్యం తీసేది మా చుక్క పాట రాగమని.

ఆ ఆదివారం క్రిస్మస్ పాటల సాధన. మా సంఘంలో హార్మోనియం వాయించే ఆయన్ని పెట్టె మావ అనేవారు. ఆయన పెట్టెలో ఒక మెట్టు ఎప్పుడూ దీర్ఘంగా మూలిగేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ రోజు ఆయన చుక్క పాట ఎత్తుకోగానే ఆ మెట్టు మూలిగింది. ముందు వరసలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఒక చిన్నపిల్ల నా చీర కుచ్చిళ్లలో దూరి, "అక్కా, ఇది నుయ్యి పాట కదేటి? నానింటికెల్లిపోతాను" అని రాగం పెట్టింది. ఇంకోసారి ఎత్తుకున్నాడు. ఈసారి పెద్దవాళ్లు కూడా కిటికీల వైపు చూశారు. మా సంఘపెద్దకు ఆమెన్ తాత అని పేరు. ప్రసంగంలో నాన్న దగ్గినా ఆమెన్ అనేవాడు. ఆ రోజు ఆయన నోట ఒక్క ఆమెన్ రాలేదు. ఆరాధనయ్యాక పెద్దలు చింతచెట్టు కింద కూర్చున్నారు. ఆమెన్ తాత తుండుగుడ్డ దులుపుకుంటూ, "అయ్యగారూ, గుంటలు జడిసిపోతన్నారు. తల్లులు సాధనకి పంపీది లేదంతన్నారు. ఈ ఏడు సుక్క పాట ఒద్దండి. ఇంకేదైనా పాడించీద్దుం" అన్నాడు. నేను ముందుకెళ్లి, "తాతా, అది కథ! ఆ రాగం దయ్యం మన దగ్గర తీసుకుంది గాని మనం దయ్యం దగ్గర తీసుకోలేదు కదా!" అన్నాను. "అదే కదమ్మీ నానూ అంతన్నాను. అది తీసీసుకున్నాది. ఇంక మనకేటున్నాది?" అన్నాడు. ఇలాంటి మాటకు జవాబు పాస్టర్లను తయారుచేసే ఏ సెమినరీలోనూ నేర్పరు. నాన్న క్రిస్మస్ దాకా ఆగి చూద్దామన్నారు. పిల్లలు పాడితే పాట, పాడకపోతే ఆ పాట ఇక ఎత్తుకోకూడదని తేలింది.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న నన్ను ఏమీ అడగలేదు. "ప్రభువా, మా ఇంట్లో నోరు అదుపులో లేనివారిని జ్ఞాపకం చేసుకో" అని మాత్రం ప్రార్థించారు. ఇంట్లో ఉన్నదే ముగ్గురం. అందులో ఒకరు ప్రార్థిస్తున్నారు, ఒకరు అమ్మ. ఫ్యాక్టరీలో ఇంకో రకం తలనొప్పి. బల్లప్ప ఆ రాగం ఎక్కడో నేర్చేసుకుంది. వంగి పనిచేసుకుంటున్నవాళ్ల వెనక నిలబడి సన్నగా ఎత్తుకునేది. మళ్లీ గుండ్లన్నీ బద్దలు. సావుకారు ఈసారి చేతులు కూడా జోడించలేదు, నాకేసి చూసి నుదురు కొట్టుకున్నాడంతే. పలాస పట్టాల పక్కన చేపల బుట్టలతో నిలబడ్డవాళ్ల దగ్గర్నుంచి సోంపేట బస్సు కండక్టరు దాకా ఆ కూనిరాగం తెలియనివాళ్లు లేకపోయారు. పాట కట్టిన తాత ఊరూరూ తిరిగినా అంతమందికి చేరలేదేమో. మా చర్చిలో తప్ప అంతటా వినిపించేది. మా చర్చిలో తప్ప అని పైకి అంటున్నాను గాని, నాకు అసలు గుచ్చుకున్నది మా వంటిల్లు. అమ్మ బియ్యం చెరుగుతోంది, చాట చప్పుడు వినిపిస్తోంది, కూనిరాగం లేదు. ఒక మాట అనలేదు, ఒకసారి విసుక్కోలేదు. ఊరికే మానేసింది.

కొన్నాళ్లు చూసి చూసి ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం వెళ్లి పక్కన కూర్చున్నాను. "అమ్మా, నేను చెడుగా ఏమీ చెప్పలేదే. ఎంత గొప్పగా చెప్పానో తెలుసా? మాటలకందని లోతేదో ఉంది నీ రాగంలో. అందుకే నువ్వు మాటలు వదిలేసి వట్టి రాగమే తీస్తావని..." అన్నాను. అమ్మ చాట ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"లోతేటి, నీ మొగం! నాకు రెండో సరణం రాదే."

నేను నమ్మలేదు. సొంత తండ్రి కట్టిన పాట!

"రాదే అంటే రాదు. మా అయ్య అరుగు మీద కూకోబెట్టి ఊర్లో గుంటలందరికీ నేర్పినాడు. నానెక్కడున్నాను? పొయ్యి కాడున్నాను. వొచ్చినోలందరికీ వొండాలి కదేటి? మొదటి సరణం ఇన్నాను. రెండోది ఎత్తుకునీసరికి అన్నం పొంగిపోయీది, పరిగెట్టీదాన్ని. రోజూ అంతే. మొదటిది పాడీసి తరవాత ఊఁ ఊఁ అని లాగించీడమే. మరింక అదే అలవాటైపోనాది, మొదటిదానికీ మాటలు మానీసినాను."

"మరి ఇన్నేళ్లూ ఎవర్నైనా అడిగి నేర్చుకోలేకపోయావా?"

"పాట కట్టినోడి కూతుర్ని, నాకు మాటలు రావని ఎవుర్నడుగుతానే? సిగ్గు కాదేటి?" అని చాట ఎత్తి నా మొహం మీదకు ఊక చెరిగింది.

కళ్లలో ఊక నలుపుకుంటూ అక్కడే కూర్చుండిపోయాను. నెలల తరబడి మా దయ్యం నూతి గట్టు మీద కూర్చుని ఎందుకు కూనిరాగం తీస్తోందో నాకే తెలియదు. భయంగా ఉంటుందని పెట్టాను, అంతే. ఇప్పుడు తెలిసింది. దానికి మాటలు రావు, పాపం. ఆ సాయంత్రమే ఆఖరి భాగం కొత్తగా రాశాను. నూతి గట్టు మీది ఆడమనిషి బతికున్నన్నాళ్లూ పొయ్యి వదలలేదు. చెవిన సగం పడిన పాటలో మిగతా సగం కోసం వెతుకుతోంది. పిల్లలు నూతి దగ్గరకు వస్తారు. గట్టిగా, మాటలు విడమరిచి, రెండో చరణం పాడతారు. ఆమె చివరిదాకా విని లేచి వెళ్లిపోతుంది. రాసింది నాన్నకు చూపించాను. చనిపోయినవాళ్లకు పాట నేర్పడం మన విశ్వాసానికి సరిపడుతుందా అని నాకే అనుమానం. ఆయన చదివి, వంటింటి వైపు ఒకసారి చూసి, "కథే కదమ్మా" అన్నారు. నా కథల గురించి ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఎస్టీడీ బూత్ నుంచి సంపాదకుడికి ఫోన్ చేస్తే ఆయన గొంతు రైలు కూతను మించిపోయింది. "పాట నేర్చుకుని వెళ్లిపోవడమేమిటమ్మా? ఇది దయ్యమా, సంగీతం క్లాసా? రెండో భాగం రాయించాలని నేననుకుంటుంటే!" అన్నాడు. క్రిస్మస్ ముందు సంచికలో వెయ్యకపోతే ఇంకెప్పుడూ ఏదీ రాయనన్నాను. పేజీ ఖాళీ వదల్లేక వేశాడు. వేసి, చివర తన సొంత వాక్యం ఒకటి తగిలించాడు: "నిజంగా వెళ్లిపోయిందా...?" ఆ మూడు చుక్కలు చూసి నేను పత్రికను ఫ్యాక్టరీ పొట్టులోకి విసిరేశాను. బల్లప్ప తీసి తుడిచి, టీ వేళ నాచేత చదివించుకుని, ముక్కు చీది, "సుక్కల్దేటమ్మీ, ఎల్లిపోనాదిలే. మాటలొచ్చీసినాక ఇంకెందుకుంతాది?" అంది. ఆ రోజు ఒక్క గ్లాసూ పగల్లేదు.

మా సంఘంలో మాత్రం ఎవరు చదివారో, ఎవరు చదవలేదో, ఏమనుకున్నారో ఒక్కరూ పైకి చెప్పలేదు. క్రిస్మస్ ఉదయం పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డారు. ఇవాళ వీళ్లు పాడకపోతే ఆ పాట ఇక లేనట్టే. (ఇదిగో, నాకు తెలిసిన భయం ఇలాంటిది. దీన్ని ఎవరూ క్యాసెట్టుగా తియ్యరు.) పెట్టె మావ నాకేసి ఒకసారి చూసి చుక్క పాట ఎత్తుకున్నాడు. ఆ దిక్కుమాలిన మెట్టు మామూలుగానే దీర్ఘంగా మూలిగింది. పిల్లలు నోళ్లు విప్పలేదు. పెట్టె మావ తిప్పితిప్పి అదే వరస వాయిస్తున్నాడు. కుచ్చిళ్ల పిల్ల అప్పుడే నా వైపు ఒక అడుగు వేసింది.

అప్పుడు వెనకనుంచి కర్ర నేలమీద కొట్టిన చప్పుడు. ఆమెన్ తాత. "ఏటొరే అలా నిలబడిపోనారు? మా మనవరాలు సదివినాది నిన్న. ఆ దెయ్యానికి మాటలు రావంట్రా! మనకొచ్చు కదా! మాటలనండొరే, గట్టిగా అనండి!" అని, రాగంతో గాని తాళంతో గాని ఏ సంబంధమూ లేకుండా, "సంద్రం మీద సుక్క పొడిసింది!" అని అరిచాడు. ఆయన వెనక పిల్లలు అరిచారు. పిల్లల వెనక తల్లులు అరిచారు. పాడడం అని దాన్ని అనకూడదు. దిగబడ్డ లారీని ఊరంతా కలిసి తోసినట్టుంది. పెట్టె మావ శృతి కోసం కాసేపు పోరాడి, మొహం తిప్పుకుని, వాళ్లతో పోటీగా పెట్టెను ఊపేశాడు. రెండో చరణం వచ్చింది. నేను ఆడవాళ్ల వైపు చూశాను. మా అమ్మ చాప మీదనుంచి లేచి నిలబడింది. కొంగు బిగించి, మెడ నరాలు తేలేలా, రెండో చరణం అక్షరం అక్షరం పాడుతోంది. మూడో పాదంలో వలల ముందు పడవలు రావాల్సింది, ఆవిడ పడవల ముందు వలలు పెట్టేసింది. ఎవరూ గమనించలేదు. ఎప్పుడు నేర్చుకుందో, ఎవరిని అడిగిందో ఇప్పటికీ తెలియదు. ఆదివారం బడిలో పిల్లలకు నేను నేర్పుతుంటే కిటికీ అవతల చీపురు చప్పుడు ఆ నెలలో కాస్త ఎక్కువగా వినిపించిందని మాత్రం గుర్తు.

అలా మా చుక్క పాట మాకు దక్కింది. అయితే అప్పటినుంచి మా సంఘంలో దాన్ని అరిచే పాడాలని పద్ధతి పడిపోయింది. మెల్లగా ఎత్తుకుంటే పెద్దవాళ్లు కసురుతారు, "మాటలు గట్టిగా అనండొరే!" అని. ఎందుకో ఇప్పటి పిల్లలకు తెలియదు. పెట్టె మావ తన చివరి రోజుల దాకా నన్ను క్షమించలేదు. "బంగారం నాంటి పాట. అంతకాలం శృతి నేర్పినాను. ఒక్క దెయ్యాన్ని తెచ్చి సంతలా సేసీసినావు కదమ్మీ" అనేవాడు. నేను చెయ్యగలిగిందేమీ లేదు. నా మాట ఎవరు విన్నారు గనక?

ఇంకొకటి కూడా జరిగింది, అది నేను లెక్కలోకి తీసుకోలేదు. మాటలొచ్చేశాక మా అమ్మ మరి కూనిరాగం తియ్యలేదు. చాట పట్టుకుందంటే మొదటి చరణం, రెండో చరణం, మళ్లీ మొదటిది, వీధి చివరిదాకా వినిపించేలా పాడేది. కొత్తగా నేర్చుకున్న పాఠం అప్పజెప్పే పిల్లలాగా ఉండేది ఆ ఉత్సాహం. "అమ్మా, ఒక్కసారి వెనకటిలాగా ఊఁ అని తియ్యవే" అని బతిమాలితే, "నాకు మాటలు రావనుకున్నావేటి?" అని ఎగిరేది. నాకు ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగీతాన్ని నా చేతులారా నేనే బాగుచేసి పంపించేశాను.

కాబట్టి ఇప్పుడు పెళ్లిళ్లలో కుర్చీలు జరుపుకుని అడిగేవాళ్లకు నేను ఆ నిజమే చెబుతాను, వినిపించమంటే మాత్రం వినిపించలేను. అమ్మ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఈ రోజుల్లో బియ్యం సంచుల్లో శుభ్రంగానే వస్తున్నాయి, చెరగాల్సిన పనేమీ లేదు. అయినా అప్పుడప్పుడు, పనేమీ లేని మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని చాటలో రెండు గుప్పెళ్లు పోసుకుని ఊరికే ఎగరేస్తుంటాను. నాకు తెలియకుండానే గొంతులో ఆ రాగం మొదలవుతుంది, మాటలు లేకుండా. రెండో చరణం దగ్గరకు వచ్చేసరికి ఆపి, ఒకసారి వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తాను. చనిపోయినవాళ్లు తిరిగి రారని నాకు వాక్యం బాగా తెలుసు. అయినా చూస్తాను. ఒకవేళ వస్తే, మాటలు గట్టిగా అనమని కసరడానికే వస్తుంది.